దొరగారి సంఘం, రెండో డివిజన్

నేను జీవితంలో ఒక్క ఫుట్‌బాల్ ఆట కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. అయినా ఇంగ్లండులోని ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర, సీజను వెంబడి సీజను, నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఏ సీజనులో పైకెక్కారు, ఏ సీజనులో దిగజారారు, ఏ చలికాలం మంచు కమ్మి ఆటలు ఆగిపోయాయి, ఏ మేనేజరు ఎందుకు పోయాడు, అన్నీ చెప్పగలను. ఎందుకంటే ఆ చరిత్రంతా నేను మూడుసార్లు టైపు కొట్టాను. ఆ క్లబ్బు కోసం ఉపవాసం కూడా ఉన్నాను. టైపు సంగతి ఎవరూ అడగరు. ఉపవాసం సంగతి మాత్రం మా పాత దుబాయ్ వాళ్ళు ఇప్పటికీ పెళ్ళి పందిట్లో నన్ను పట్టుకుని అడుగుతారు.

ఎనభైల మొదట్లో మాట. దుబాయ్‌లో డేరా అనే పేటలో, ఊరిని రెండుగా చీల్చే క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డుకి రెండు వీధుల వెనక, ఒక కట్టడాల కంపెనీ ఆఫీసులో నేను టైపిస్టుని. గోదావరి జిల్లాలో టైపు హయ్యరు పాసై వచ్చినవాణ్ణి. అంతకంటే ముఖ్యం, నేను సండే స్కూల్లో పెరిగినవాణ్ణి. వాక్యం కంఠస్థం చెప్పే పోటీల్లో వచ్చిన స్టీలు గ్లాసులు మా అమ్మ దగ్గర డజను ఉండేవి. పద్దెనిమిదేళ్ళకే పల్లెల్లో కూటాలకు పిలిస్తే వెళ్ళి ప్రసంగించేవాణ్ణి. అందుకని దుబాయ్‌లో శుక్రవారం పొద్దున జరిగే మా తెలుగువాళ్ళ ప్రార్థన కూడికకు నేనే పెద్దనయ్యాను. ఎవరూ ఎన్నుకోలేదు. గొంతు పెద్దది, చేతిలో గ్రంథం పెద్దది, అంతే.

ఆ కూడిక అప్పటికే ఒకసారి చీలింది. సిద్ధాంతం దగ్గర తేడా వచ్చి చీలిందని నేను ఇంటికి ఉత్తరాలు రాశాను. నిజానికి చీల్చింది నా ప్రసంగం పొడుగు. మాలో సగంమంది ఆడవాళ్ళు. అరబ్బుల ఇళ్ళలో వంటపని, పిల్లల పని చేసేవాళ్ళు. వాళ్ళకి శుక్రవారం తొమ్మిది నుంచి పన్నెండు వరకే సెలవు. నేనేమో సృష్టి దగ్గర మొదలుపెట్టి, పదకొండున్నర దాటినా జలప్రళయం దాటేవాణ్ణి కాదు. ఒక శుక్రవారం మా ఊరి మేస్త్రి ప్రసంగం మధ్యలో లేచి నిలబడ్డాడు. కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు బిగించే పని ఆయనది. నన్ను వరస కలిపి బావా అనేవాడు.

"ఖలాస్ చెయ్యి బావా. ఈ ఆడకూతుళ్ళు ఆలిస్యంగా ఎళ్తే మామా గేటు ఏసేసుద్ది" అన్నాడు. ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు.

"వాక్యాన్ని పట్టుకుని ఖలాస్ అంటావా?"

"వాక్యాన్ని అన్లేదు. నిన్నన్నాను."

ఆ మాటకి నేను గ్రంథం మూసి, దేవుని పనికి అడ్డుపడేవాళ్ళ గురించి ఇంకో పావుగంట చెప్పాను. అది పూర్తయ్యేసరికి మేస్త్రితో కలిపి పదకొండుమంది వెళ్ళిపోయారు. ఆ పదకొండు అంకెకి ఇంకో అర్థం ఉందని నాకప్పటికి తెలియదు. పై వారం నుంచి వాళ్ళు క్రీక్ అవతల, మేస్త్రి ఉండే పనివాళ్ళ క్యాంపులో కూడుకోవడం మొదలుపెట్టారు. ఇవతల నాతో కలిపి తొమ్మిదిమంది మిగిలాం. అందులో అయిదుగురు నా గదివాళ్ళే. వాళ్ళకి పోవడానికి వేరే చోటు లేదు.

కూడిక మా గదిలోనే జరిగేది. ఒకదానిమీద ఒకటి మంచాలు. పై మంచం మీద కరీంనగర్ తమ్ముడొకడు పడుకునేవాడు. క్రేను నడిపేవాడు, రాత్రి డ్యూటీ. హిందువు, మా పాటలతో అతనికి సంబంధం లేదు. మేము కింద పాడుతుంటే దుప్పటి ముసుగులోంచి "అన్నా, ఆమెన్ ఎప్పుడే?" అనేవాడు. తొమ్మిదిమందిలో నన్ను నిజంగా ఇష్టపడి మిగిలింది ఒక్క పెద్దమ్మ. యాభై అయిదేళ్ళ మనిషి, రాజోలు వైపు. ఆమె ప్రార్థన మొదలుపెడితే గోడలు కూడా కళ్ళు మూసుకోవాల్సిందే.

ఇక మా ముదీరు, అంటే మేనేజరు. ఆయన ఇంగ్లీషాయన. నేను మా ఊరి అలవాటు కొద్దీ మనసులో దొరగారు అనుకునేవాణ్ణి. వచ్చే వేసవికి ఉద్యోగం మాని సొంతూరు పోతున్నాడు. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి కాగితాల కట్ట ఒకటి ముందు పెట్టాడు. కోడి కెలికిన పెంటలాంటి చేతిరాత. వాళ్ళ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర, పుట్టిన సీజను నుంచి ఇప్పటి సీజను దాకా. ఆఫీసు అయ్యాక కూర్చుని టైపు చేసి పెడతావా, బదులుగా నీకేం కావాలి అని అడిగాడు.

నేను ఆలోచించలేదు. మా కంపెనీ క్యాంపు మెస్ హాలు శుక్రవారం పొద్దున మూడు గంటలు కావాలన్నాను. అరవైమంది కూర్చునే బెంచీలు, ఆరు ఫాన్లు, చల్లటి నీళ్ళ కూలరు. ఆయన నవ్వి ఫోను తీశాడు. అలా అరవైమంది హాల్లో తొమ్మిదిమందిమి కూర్చున్నాం. నా గొంతు అవతలి గోడకి తగిలి తిరిగొచ్చేది. ఎవరో నాకు జవాబిస్తున్నట్టుండేది. ఎంత బాగుండేదో.

టైపు మొదలైంది. మొదటి సీజను చదవగానే నాకు ఒళ్ళు పులకరించింది. ఆ క్లబ్బుని స్థాపించింది ఒక చిన్న ప్రార్థన మందిరంలోని కుర్రవాళ్ళట. ఆదివారం వాక్యం నేర్చుకున్నవాళ్ళే శనివారం బంతి తన్నారట. అది ఫుట్‌బాల్ అని నాకు తెలుసు. కానీ తెలుగులో క్లబ్బుకైనా చర్చికైనా మనం సంఘం అనే అంటాం కదా. క్లబ్బు అని ఉన్న ప్రతిచోటా నా మనసు సంఘం అని చదువుకుంది. ఒక్కొక్క సీజను టైపు చేస్తుంటే గ్రంథంలో రాజుల కాలాలు చదువుతున్నట్టే ఉండేది. ఒక మేనేజరు మంచివాడు, కష్టపడి కట్టాడు. తరవాతివాడు వచ్చి కూల్చాడు. వాడి తరవాతివాడు ఇంకా దుర్మార్గుడు, మంచి ఆటగాణ్ణి పక్క ఊరికి అమ్మేశాడు. వేళ్ళు మీటల మీద ఆడుతుంటే అయ్యయ్యో అని పైకే అనేవాణ్ణి. పక్క బల్ల గుమాస్తాకి నాకు కడుపునొప్పని అనుమానం.

ఒక సీజనులో కీపరు పెనాల్టీ నుంచి నాలుగుసార్లు సేవ్ చేశాడని ఉంది. కీపరు అంటే కాపరి. పెనాల్టీ అంటే శిక్ష. సేవ్ అంటే రక్షణ. ఇంతకంటే ఒక ప్రసంగీకుడికి ఏం కావాలి? ఆ శుక్రవారం హాల్లో చెప్పాను. "ఇంగ్లండులో ఒక కాపరి, ఒక్క ఏడాదిలో నలుగురిని శిక్ష నుంచి రక్షించాడు. మనం ఎంతమందిని రక్షించాం?" పెద్దమ్మ స్తోత్రం స్తోత్రం అంది. హాల్లో చల్లగా ఉంటుందని క్రేను తమ్ముడు కూడా వచ్చి వెనక బెంచీ మీద పడుకుని ఉన్నాడు. అందరూ పోయాక లేచాడు.

"అన్నా, గా కాపరి ఎవలే?"

"ఇంగ్లండులో ఒక దైవజనుడు."

"గోల్‌కీపర్ గాదా? నీ టేబుల్ మీద కాయితాలు జూసిన." అతను హైదరాబాదులో లారీ నడిపిన రోజుల్లో చాలా మ్యాచులు చూశాడట. "పెనాల్టీ అంటే బంతిని గోల్ ముంగట పెట్టి తన్నుడు. సేవ్ అంటే గోలీ దాన్ని ఆపుడు. నలుగురు రక్షణ పొందలే అన్నా, నాలుగు బంతులు పొందినయ్."

నేను చుట్టూ చూశాను. "ఎవరికీ చెప్పకు తమ్ముడూ."

"నేనెందుకు జెప్త? మీరు పాడినా ఈడ నాకు సల్లగ నిద్రవడుతది. గీ హాలు పోగొట్టకు, సాలు."

నా పాండిత్యం అక్కడితో ఆగలేదు. వాన కురిసిన ఒక సీజను చివర్లో, ఓడిపోతూ కూడా జనం పాడుతూనే ఉన్నారని దొరగారు రాశాడు. ఏం పాడారో రాయలేదు. వాక్యం అసంపూర్తిగా ఉందనిపించి, నేనే 'కీర్తనలు' అని ఇంగ్లీషులో చేర్చాను. టైపు కాగితాలు దిద్దుతూ దొరగారు అక్కడ పెన్సిలు ఆపాడు. ఇది ఎవరు రాశారని అడిగాడు. నేనేనని చెప్పి నిలబడ్డాను, ఉద్యోగం పోయిందనుకుని. ఆయన కిటికీలోంచి చూస్తూ, "మా నాయనమ్మ అదే చెప్పేది. వానొస్తే కీర్తనలే పాడేవాళ్ళట. ఉంచు" అన్నాడు. ఆ రోజు నుంచి నా గర్వం పట్టపగ్గాల్లేకుండా పోయింది.

చివరి అధ్యాయం మాత్రం మిగిలిపోయింది, ఎందుకంటే ఆ సీజను ఇంకా నడుస్తోంది. ఆ క్లబ్బు ఎన్నో ఏళ్ళు తంటాలు పడి మొదటి డివిజన్ చేరింది. ఇప్పుడు పట్టికలో అట్టడుగున కొట్టుకుంటోంది. ఇంకొన్ని ఓడితే రెండో డివిజన్‌కి దించేస్తారు. శనివారం సాయంత్రాలు దొరగారు ఆఫీసులోనే ఉండి, రేడియో తీగని కిటికీ ఊచకి కట్టి ఫలితాలు వినేవాడు. ఆదివారం పొద్దున ఆయన టీ కప్పు ఎలా పట్టుకున్నాడో చూసి స్కోరు చెప్పగలిగేవాణ్ణి.

ఏప్రిల్‌లో ఒక పిడుగు పడింది. కొత్తగా రాబోయే ముదీరు ఆ మెస్ హాలుని స్టోరుగా మార్చమని రాశాడట. నేను దొరగారి బల్ల ముందు నిలబడ్డాను. ఆయన అలసిపోయిన నవ్వు నవ్వాడు.

"మావాళ్ళు ఈ సీజను దిగకుండా నిలబడ్డారనుకో, నేను పోయేముందు హాలు మీదేనని కాగితం మీద సంతకం పెడతాను. నా సంతకం ఉంటే అతను కదపలేడు."

"దిగిపోతే, సార్?"

"దిగిపోతే సంతకాలు పెట్టే ఓపిక నాకుండదు. మీవాళ్ళని ప్రార్థన చేయమను."

ఆయన సరదాకి అన్నాడు. నేను సరదాలు అర్థంకాని మనిషిని. రెండు వారాలు ఒక్కణ్ణే మోకరించాను. ఆ రెండు వారాలూ వాళ్ళు ఓడిపోయారు. నా ఒక్కడి బలం చాలదని తేలిపోయింది.

శుక్రవారం హాల్లో లేచి నిలబడ్డాను. బంతాట కోసం ప్రార్థించండి అని చెప్పాలి. ఇదే నోటితో, ఇదే హాల్లో, సినిమాలూ పేకాటా క్రికెట్ కామెంటరీ ఆత్మకి చెదలని చెప్పినవాణ్ణి. నోరు రాలేదు. "దొరగారి సంఘం ఇంగ్లండులో ఇబ్బందిలో ఉంది. రెండో డివిజన్‌లోకి పోయే ప్రమాదముంది. మనం ప్రార్థించాలి" అన్నాను. అక్షరం అక్షరం చూస్తే అందులో అబద్ధం లేదు. అలా అక్షరాలు చూసుకునేవాణ్ణి నేను.

పెద్దమ్మ కొంగు సరిచేసుకుంది. "డివిజనంటే చీలిపోడమేనా అయ్యగారూ?"

ఒక్క క్షణం ఉంది నాకు, నిజం చెప్పడానికి. "అలాంటిదే పెద్దమ్మా" అన్నాను.

"రెండోసారా?"

"రెండోదే."

"అయ్యో నాయనా! ఒకపాలి చీలితేనే మన బతుకిలాగయింది. రెండోపాలి కూడానా!" ఆమె అక్కడే కూలబడి మొదలుపెట్టింది. ఆ తెల్లోళ్ళ సంఘంలో అన్నదమ్ములు మొహాలు చూసుకోవాలని, పెద్దల గర్వం అణగాలని, ఒకే పళ్ళెంలో తినాలని. పెద్దల గర్వం అన్నప్పుడు నేను కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను. వెనక బెంచీ మీద క్రేను తమ్ముడు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

పెద్దమ్మ పనిచేసే ఇంటికి పక్కిల్లే మేస్త్రి కూడికకు పోయే ఒక చెల్లెమ్మ పనిచేసే ఇల్లు. చెత్త పారేయడానికి ఇద్దరూ ఒకే టైముకి బయటికొస్తారు. సంగతి క్రీక్ దాటడానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

పై శుక్రవారం హాలు తలుపు దగ్గర మేస్త్రి నిలబడి ఉన్నాడు. వెనక ఆయన పదిమంది. అందరి పెదవులూ ఎండిపోయి ఉన్నాయి.

"వందనాలు బావా. నీ మొహం చూడ్డానికి రాలేదులే. దొరల సంఘం రెండోపాలి చీలిపోతందంట కదా. మన తాతలకి వాక్యం తెచ్చినోళ్ళు ఆళ్ళు. ఆళ్ళే ముక్కలైపోతే మనమెంత? అందుకని అందరం కలిసి అడుగుదామని వచ్చాం. మంగళారం నించీ పగలు పస్తుంటున్నాం."

మే నెల. ఆ ఎండలో, ఎత్తున కట్టిన సారవ కర్రల మీద నిలబడి చెక్కలు బిగించే మనుషులు, అరబ్బుల పొయ్యిల ముందు నిలబడే ఆడవాళ్ళు, మూడు పగళ్ళు తిండి లేకుండా. ఎవరి కోసం? ఒక బంతి ఒక గీత దాటకూడదని. క్రేను తమ్ముడు నా పక్కకొచ్చి చెవిలో అన్నాడు.

"చెప్పు అన్నా. నువ్వే జెప్పాలె. నేను జెప్తే మతం కొట్లాటయితది."

చెప్పలేదు. సిగ్గుతో ప్రసంగం ఇరవై నిమిషాల్లో ముగించి కూర్చున్నాను. మేస్త్రి వాచీ చూసుకున్నాడు, చెవి దగ్గర పెట్టుకుని అది నడుస్తోందో లేదో విన్నాడు. "బావా, చానా మారావు" అన్నాడు. ఆ పూటా మర్నాడూ నేను కూడా పస్తున్నాను. అది భక్తి అని చెప్పుకోను. ముద్ద దిగలేదు.

ఆ మర్నాడే ఆఖరి ఆట. చివరి అధ్యాయం టైపు చేయాలి, ఉండమన్నాడు దొరగారు. రేడియోలో గాలి హోరు, మధ్యమధ్య మాటలు. సమానంగా ముగిసినా చాలు, నిలబడతారు. వీధి చివర మసీదులో సాయంత్రం బాంగు మొదలైంది. ఆయన శబ్దం తగ్గించి చెవి రేడియోకి ఆనించాడు. సమానంగానే ఉంది. బాంగు అయిపోయింది. శబ్దం పెంచాడు. అప్పుడే రేడియోలో జనం అరిచారు. అరిచింది మనవాళ్ళు కాదని ఆయన భుజాలు చూస్తే తెలిసింది.

ఆట ముగిసేదాకా విని రేడియో కట్టేశాడు. నేను కాగితం ఎక్కించాను. ఆయన ఒక్క వాక్యం చెప్పాడు. ఆ సీజను చివరికి సంఘం రెండో డివిజన్‌కి దిగిందని. కొట్టాను.

"మీవాళ్ళు ప్రార్థన చేశారా?" అని అడిగాడు, మాట కలపడానికి.

"ఇరవైమంది సార్. పదకొండుమంది మూడు పగళ్ళు ఉపవాసమున్నారు."

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "మా కోసమా? మా ఊళ్ళోనే ఎవడూ ఒక పూట మానలేదు." ఆయన కళ్ళు చెమర్చాయి. వాళ్ళు ఉపవాసమున్నది మీ కోసం కాదు సార్, చర్చి అనుకుని, అని ఆయనకి కూడా చెప్పలేకపోయాను. అలా ఒకే అబద్ధంతో రెండు సంఘాలని మోసం చేశాను.

బయల్దేరేముందు రోజు ఆయన నా చేతిలో కవరు పెట్టాడు. అందులో సంతకంతో కాగితం. దిగిపోయినా సరే పెట్టాడు. నేను శుక్రవారం హాల్లో దాన్ని ఎత్తి చూపించాను. అప్పటికీ వస్తూనే ఉన్న క్రీక్ అవతలివాళ్ళతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి లేచాడు.

"తెలుగులో చదువు బావా. ఏం రాశాడో ఇందాం."

అంతవరకు నేను దాన్ని సరిగ్గా చదవనేలేదు, సంతకం మాత్రమే చూసుకున్నాను. మొదలుపెట్టాను. "మా ఊరి... సంఘం కోసం ఉపవాసం చేసిన ఈ తెలుగు స్నేహితులు, ఈ క్యాంపు ఉన్నంతకాలం..."

"ఆగు. ఊరి తరవాత ఓ మాట మింగేశావు." మేస్త్రి దగ్గరికొచ్చి కాగితం మీద వేలు పెట్టాడు. డ్రాయింగులు చూసిచూసి ఆయనకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. "బీ, ఏ, ఎల్, ఎల్. బాలు. సంఘానికి బాలెందుకు బావా?"

నేను వెనక బెంచీ వైపు చూశాను. క్రేను తమ్ముడు ఫాను వైపు చూస్తున్నాడు.

అప్పుడు చెప్పాను. ఫుట్‌బాల్ అని, పట్టిక అని, హాలు కోసమని, మొహమాటపడి దాచానని. కాపరి, నాలుగు బంతుల సంగతి కూడా చెప్పేశాను. ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను. వాళ్ళు ఇంకోసారి లేచి వెళ్ళిపోతే ఈ అరవైమంది హాలు నాకెందుకని అప్పుడు తోచింది. చెక్కలు బిగించే ఆ చేతుల వైపు చూడలేక కాగితం వైపు చూశాను.

మేస్త్రి నా వైపు తిరిగాడు. "మూడు గంటలు ఆపకుండా మాట్లాడతావు గదా. ఫుట్‌బాల్ అన్న ఒక్క ముక్క నోటంట రాలేదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకింకా ఒక సందేహం తీరలేదు.

"అయితే ఆ సంఘం చీలలేదా అయ్యగారూ?"

"లేదు పెద్దమ్మా. కింది డివిజన్‌కి దిగారంతే."

"అందరూ కలిసే దిగారా?"

"కలిసే దిగారు."

"మరింకేంటి నాయనా. స్తోత్రం" అంది.

మేస్త్రి కాగితం నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. తరవాత తలుపు వైపు నడిచాడు. ఆయన తలుపు గడియ పెట్టి, వచ్చి ముందు బెంచీ మీద కూర్చుని, వాచీ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కానియ్ బావా. ఎంతసేపు?"

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి క్రేను తమ్ముడు అరిచాడు. "ఫుట్‌బాల్ లెక్క నలభై అయిదు నిమిషాలు! అటెన్క ఇంటర్వెల్ ఉంటది!"

నేను గ్రంథం తెరిచాను. ఆ రోజు సృష్టి దగ్గర మొదలుపెట్టలేదు.